నేనేం చేయలేదండీ

మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పడంలో నా తరవాతే ఎవరైనా. ఇలా అనుకోవడం నాకు అలవాటు లేదు, ఇప్పుడు ఒళ్ళు మండిపోతోంది కాబట్టి అనేశాను. ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టరు అయ్యగారు "దేవుడు చేసిన మేలు ఎవరైనా పంచుకుంటారా?" అనగానే సగం తలలు నా వైపు తిరుగుతాయి. నేను లేచి కొంగు తల మీదికి లాక్కునేసరికి ముందు వరస ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధమైపోతారు.

సాక్ష్యానికో పద్ధతి ఉంది. ముందు నిన్ను నువ్వు తగ్గించుకోవాలి. ఎందుకూ పనికిరానిదాన్ని, బలహీనురాలిని, మట్టిని అని మొదలుపెట్టాలి. తరవాత కష్టం చెప్పాలి. అది ఎంత పెద్దదైతే అంత మంచిది. ఆ కష్టంలో నీ చేతుల్లో ఏమీ లేదని చెప్పాలి. ఆఖర్న ఆయన లేవనెత్తిన సంగతి చెప్పి కూర్చోవాలి. మధ్యలో "నేను ఫలానా పని చేశాను" అనే మాట రాకూడదు. ఒకసారి రత్నరాజు అని రొయ్యల చెరువులు చేసే అతను సాక్ష్యానికి లేచి, రాత్రింబవళ్ళు గట్టు మీదే కాపలా ఉన్నానని, మేత తనే చూసుకున్నానని చెప్పుకొచ్చాడు. వెనక బెంచీలో సుబ్బరత్నమ్మగారు దగ్గింది. అది జలుబు దగ్గు కాదు. రత్నరాజు ఠక్కున "అంతా ప్రభువు కృప" అని కూర్చున్నాడు. ఆ దగ్గు విన్నవాళ్ళెవరూ ఆ తప్పు మళ్ళీ చేయరు.

నేను నర్సుని. పెళ్ళి కాకముందు నుంచీ అవనిగడ్డలో డాక్టరు లలితాంబ గారి ఆసుపత్రిలో కాన్పుల గదిలోనే పనిచేశాను. దివిసీమలో ఇప్పుడు కాలేజీలకి వెళ్తున్న పిల్లల్లో చాలామందికి బొడ్డు కోసింది నేనే. పోయిన వేసవిలో డాక్టరు గారికి చూపు మందగించి ఆసుపత్రి మూసేశారు. ఆవిడ నా చేతులు పట్టుకుని, "శాంతీ, నీకేం, ఎక్కడికెళ్ళినా కళ్ళకద్దుకుంటారు" అన్నారు. ఎవరూ అద్దుకోలేదు. అడిగిన ప్రతిచోటా వయసు అడిగారు, చెప్పగానే నంబరు రాసుకుని పంపించేశారు. మా ఆయన బెంజమిన్‌ది ఆటో. ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయ్యాక ఆ ఆటో ఎక్కే నాథుడే లేడు. పొద్దున్నే దాన్ని తుడిచి సెంటర్‌లో పెట్టుకుని కూర్చుంటాడు, మధ్యాహ్నానికి తిరిగొస్తాడు. మా అమ్మాయి బ్లెస్సీ నర్సింగే చదువుతోంది. ఈ ఏడు ఫీజు కట్టకపోతే మాన్పించెయ్యాలి. మాన్పించేస్తాననే మాట నేను ఇంకా దానికి చెప్పలేదు. కానీ అదే ఫోన్లో ఈ మధ్య తక్కువ మాట్లాడుతోంది.

అలాంటప్పుడు బందరు నుంచి పిలుపు వచ్చింది. కొత్తగా కట్టిన పెద్ద ఆసుపత్రి, కాన్పుల విభాగానికి నర్సింగ్ ఇన్‌ఛార్జి కావాలట. ఇంటర్వ్యూకి రమ్మన్నారు. నా ఈడుకి వచ్చే ఆఖరి ఉద్యోగం అదేనని నాకు తెలుసు, మా ఆయనకీ తెలుసు. ఇద్దరం ఆ మాట పైకి అనుకోలేదు.

మా తమ్ముడు శ్యామ్ సుందర్ గుడివాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేస్తాడు. వాడి పనే పిల్లల్ని ఇంటర్వ్యూలకి తయారుచేయడం. సంగతి వినగానే, "నువ్వు శనివారం వచ్చెయ్యక్కా, నేను చూసుకుంటా" అన్నాడు. వెళ్ళాను. భోజనాలవగానే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను బల్లకి అవతల కూర్చుని, ఎప్పుడూ నాతో మాట్లాడని గొంతుతో మొదలుపెట్టాడు.

"మీ గురించి చెప్పండి మేడమ్."

నాకు నవ్వొచ్చింది. "నా గురించి నీకు తెలీదేంట్రా?"

"అక్కా, నవ్వొద్దు. మీ బలం ఏంటో చెప్పండి."

"బలం ఏముందీ. అందరు నర్సులు చేసేదే నేనూ చేశాను."

వాడు నుదురు కొట్టుకున్నాడు. "అట్లా అనకూడదు. నువ్వు చేసిన పెద్ద పని ఒకటి తీసుకో. ఏం జరిగింది, అప్పుడు నువ్వేం చేశావు, ఏమైంది. ఈ మూడే. పెద్దింట్లమ్మ సంగతి చెప్పు."

పెద్దింట్లమ్మ సంగతి వాడికి తెలుసు, సంఘమంతటికీ తెలుసు. నా సాక్ష్యం అదే. తుపాను నాడు కాన్పు అయిన అమ్మాయి. బిడ్డ క్షేమంగా పుట్టింది, తల్లికి రక్తం ఆగలేదు. లలితాంబ గారు వస్తూ వస్తూ కరకట్ట మీద చెట్టు పడి దారిలో చిక్కుకుపోయారు. ఆ మాటలన్నీ చెప్పి, "ఇంక ప్రార్థన చేశాను, దేవుడు దయచూపించాడు" అన్నాను.

"ప్రార్థన సరే. చేతులతో ఏం చేశావు?" అన్నాడు శ్యామ్.

అలా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆలోచించి చెప్పాల్సి వచ్చింది. పొట్ట మీద చెయ్యి వేస్తే గర్భసంచి గట్టిపడకుండా మెత్తగా తగిలింది, అందుకే రక్తం ఆగట్లేదని తెలిసింది. గట్టిగా రుద్దాను. రెండు చేతులకీ సెలైన్లు పెట్టాను, ఇంజెక్షన్ ఇచ్చాను. అప్పటికీ ఆగకపోతే ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి పైన పెట్టి గర్భసంచిని నొక్కి పట్టుకున్నాను. ఆసుపత్రి ఆయా చేత ఫోను నా చెవి దగ్గర పెట్టించుకుని డాక్టరు గారితో మాట్లాడుతూనే, అంబులెన్స్ నడిపే మోహన్‌ని రక్తానికి పరిగెత్తించాను. ఆవిడ తడిసి ముద్దయి వచ్చేదాకా చేతులు తియ్యలేదు. తరవాత రెండు రోజులు నా చేతులతో ముద్ద కలుపుకోలేకపోయాను.

శ్యామ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అక్కా! ఇన్నేళ్ళ నుంచీ చర్చిలో చెప్తున్నావు గానీ ఇదెప్పుడూ చెప్పలేదేంటి? ఇదే ఉద్యోగం. ఇది ఇట్లాగే చెప్పెయ్. ఏదీ, 'నేను' అని మొదలుపెట్టి చెప్పు."

"నేను," అన్నాను. గొంతు పట్టేసింది. "నేను... నొక్కి... నేను పట్టుకోబట్టి..." ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఆ గదిలో సుబ్బరత్నమ్మగారు లేదు. అయినా నాకు దగ్గు వినిపించింది.

మళ్ళీ చెప్పించాడు. మళ్ళీ ఆగిపోయాను. సాయంత్రం దాకా అదే తంతు. టీ ఇచ్చాడు, అరిచాడు, బతిమాలాడు. కాలేజీ పిల్లలు ఏమీ చెయ్యకుండానే అన్నీ చేశామంటారని, నేను అన్నీ చేసి నోరు విప్పనని తిట్టాడు. నాకూ కోపం వచ్చి, "నాకు రాదు పోరా, నీ ఉద్యోగం వద్దు పాడొద్దు" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు వాడు మెత్తబడి నా పక్కన కూర్చున్నాడు.

"సరేలే, ఇవన్నీ మర్చిపో. ఆదివారం వందమంది ముందు బెదురు లేకుండా మాట్లాడతావు కదా. సాక్ష్యం చెప్పినట్టే చెప్పు. భయం లేకుండా మాట్లాడితే చాలు, మిగతాది అదే వస్తుంది."

ఆ మాటతో నా గుండెల మీంచి బరువు దిగిపోయింది. వాడిదేమీ తప్పు లేదు. ధైర్యంగా మాట్లాడమని వాడు అన్నాడు. నేను మాత్రం అక్షరాలా విన్నాను.

సోమవారం పొద్దున్న బెంజమిన్ నన్ను ఆటోలో అవనిగడ్డ బస్టాండు దాకా తీసుకెళ్ళాడు. తన పొట్ట కొట్టిన ఉచిత బస్సులోనే పెళ్ళాన్ని ఎక్కిస్తూ, "దీన్ని తిట్టకూడదులే ఇవాళ" అన్నాడు. చాలారోజుల తరవాత నవ్వాడు. చల్లపల్లి దాటేదాకా నేను కూడా నవ్వుతూనే ఉన్నాను.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో సుహాస్ అనే డాక్టరు గారు, బ్లెస్సీకి అన్నయ్య అనేటంత చిన్నవాడు. ఒక పక్క కాగితాలు చూసుకునే మేనేజరు. ఇంకో పక్క మేట్రన్ రాజకుమారి గారు, నెరిసిన జుట్టు, మెడలో సన్నటి గొలుసుకి సిలువ. అలవాటుగా "వందనాలండి" అన్నాను. ఆవిడ నెమ్మదిగా "వందనాలమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో అది నాకు మా ప్రార్థన మందిరం అయిపోయింది.

"కూర్చోండి మేడమ్, మీ గురించి చెప్పండి," అన్నారు డాక్టరు గారు.

కూర్చోలేదు. సాక్ష్యం కూర్చుని ఎవరు చెప్తారు? కొంగు సర్దుకుని నిలబడ్డాను.

"నేను ఎందుకూ పనికిరానిదాన్ని సార్," అని మొదలుపెట్టాను.

మేనేజరు తలెత్తాడు. రాజకుమారి గారు మెల్లగా తలూపారు. నేను ఆవిడనే చూస్తూ చెప్పుకుపోయాను. గొంతు ఎక్కడా పట్టలేదు, చెమట పట్టలేదు, ఆగలేదు. శ్యామ్ చూస్తే మెచ్చుకునేవాడు. తుపాను గాలి చెప్పాను, పోయిన కరెంటు చెప్పాను, దారిలో చిక్కుకున్న డాక్టరు గారిని చెప్పాను. మంచం మీద రంగు మారిపోతున్న ఆ పిల్ల మొహం చెప్పాను.

"నా చేతులు వణికిపోయాయి సార్. నాకేం తోచలేదు. నా చదువు పనికిరాలేదు, నా అనుభవం పనికిరాలేదు. మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. నా వల్ల కాదు ప్రభువా, ఈ పిల్లని నువ్వే చూసుకో అన్నాను."

నా చేతులు వణకలేదు. మోకాళ్ళ మీద పడే తీరికే లేదు, రెండు చేతులూ ఆ పిల్ల దగ్గరే ఉన్నాయి. ప్రార్థన చేసిన మాట నిజమే, అది లోపల్లోపల, చేతులు నొక్కి పట్టుకునే చేశాను. కానీ ఇన్నేళ్ళుగా చెప్పీ చెప్పీ, ఆ చేతులు కథలోంచి ఎప్పుడో జారిపోయాయి. ఆ సాక్ష్యంలో నేను ఏడుస్తున్న ఆడదాన్ని, అంతే.

రాజకుమారి గారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. అది చూసి నాకు లోపల సంతోషం పొంగింది. కళ్ళు తుడుచుకున్నారంటే మా దగ్గర దాని అర్థం ఒకటే.

"ఒక్క నిమిషం మేడమ్," డాక్టరు గారు ముందుకి వంగారు. "బ్లీడింగ్ అవుతున్నప్పుడు మీరేం చేశారు?"

"నేనేం చేయలేదండీ. అంతా ఆయనే చేశాడు."

"ఎవరు?"

"దేవుడు సార్."

ఆయన కలం కింద పెట్టారు. మంచివాడు ఆ అబ్బాయి. ఇంకో దారి చూపించాడు. "అది సరేనండి. మసాజ్ చేయడం, మందులు, డాక్టరుకి ఫోన్ చేయడం, ఏదో ఒకటి చేసే ఉంటారు కదా. గుర్తు తెచ్చుకుని చెప్పండి."

గుర్తు తెచ్చుకునే అవసరమే లేదు. శనివారమే కదా మా తమ్ముడి ముందు అంతా వరసగా చెప్పింది! నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ కన్నీళ్ళు తుడుచుకుంటున్న ఆవిడ ముందు, దేవుడికి ఇచ్చేసిన దాన్ని మళ్ళీ వెనక్కి లాక్కున్నట్టు, "నేనే చేశాను" అని ఎలా అనను? గొప్పలు చెప్పుకుంటానేమోనని ఆ అబ్బాయి పరీక్ష పెడుతున్నాడనుకున్నాను.

"ఏదో చేసుంటాను సార్. నా చేతుల్లో ఏముంది చెప్పండి," అన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. ఆయన తలూపి, "థాంక్యూ మేడమ్" అన్నారు. మేనేజరు కబురు చేస్తామన్నాడు. రాజకుమారి గారు గుమ్మం దాకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "దేవుడు మిమ్మల్ని బాగా వాడుకున్నాడమ్మా" అన్నారు. ఇంకేం కావాలి? బందరు బస్టాండులో బజ్జీలు కొనుక్కుని తిన్నాను. ఇంటికీ కట్టించుకున్నాను.

బస్సులోంచే శ్యామ్‌కి ఫోన్ చేశాను. "ఏడ్చేశార్రా!" అన్నాను.

"ఎవరు?"

"మేట్రన్ గారు. గుక్క తిప్పుకోకుండా చెప్పాను, అచ్చం ఆదివారం చెప్పినట్టే."

"చేతులతో ఏం చేశావో చెప్పావా?"

"అదెందుకురా? అవసరమే రాలేదు."

"సర్లే అక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "బానే చెప్పుంటావు." వాడి గొంతు వినగానే నాకు తెలిసుండాల్సింది. కానీ సంతోషంగా ఉన్నప్పుడు మనిషి చెవులు ఏం వింటాయి! ఇంటికి రాగానే బ్లెస్సీకి ఫోన్ చేసి, నువ్వు నిశ్చింతగా చదువుకో అమ్మా అని చెప్పాను. అది ఆ రోజు ఎంతసేపు మాట్లాడిందో! హాస్టల్ సంగతులు, స్నేహితురాళ్ళ సంగతులు, కొనుక్కోవాల్సిన తెల్ల బూట్ల సంగతి. నేను చేసినవాటన్నిటిలో ఘోరం ఆ ఫోనే.

ఆ వారం వెళ్ళింది. పై వారమూ వెళ్ళింది. బెంజమిన్ రోజూ మధ్యాహ్నం ఆటో గుమ్మంలో పెట్టి, అడగకుండా నా మొహం చూసి లోపలికి వెళ్ళిపోయేవాడు. అడిగినా బాగుండేదనిపించేది.

ఆ తరవాతి శుక్రవారం ఫోన్ మోగింది. రాజకుమారి గారు. ఆవిడ పేరు వినగానే పొయ్యి కట్టేసి, తడి చేతులు చీరకి తుడుచుకుని నిలబడ్డాను. మా ఆయన అన్నం ముందునుంచి లేచి వచ్చాడు.

"శాంతి గారూ, ఆఫీసు వాళ్ళు ఫోన్ చేశారామ్మా మీకు?"

"లేదండి."

ఆవిడ నిట్టూర్చారు. "ఆ ఉద్యోగం వేరే అమ్మాయికి ఇచ్చారమ్మా. ఉమాశ్రీ అని, చిన్నపిల్ల. ఏది అడిగినా నేను చేశాను, నేను నేర్పించాను అని టకటకా చెప్పింది. మీ గురించి నేను గట్టిగానే చెప్పానమ్మా, మంచి మనిషి అన్నాను. కానీ సుహాస్ గారు ఏమన్నారంటే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేతులు వణికి ఏడిచేవాళ్ళని కాన్పుల గదికి పెద్దగా ఎట్లా పెడతామండీ అన్నారు. నేనేమనగలను?"

"నా చేతులు వణకలేదండీ," అన్నాను.

"అదేంటమ్మా?"

"వణకలేదండీ! నేను ఏడవలేదు. గర్భసంచి మెత్తగా ఉందని పట్టుకుంది నేనే. రెండు సెలైన్లు నేనే పెట్టాను. ఆగకపోతే లోపల ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి పెట్టి నొక్కి పట్టుకుంది నేనే. రక్తానికి మనిషిని పంపింది నేనే. లలితాంబ గారు వచ్చి చూసి, నువ్వు చెయ్యి తీసుంటే పోయేదే అన్నారు. ఆ ఒక్క పిల్లే కాదండి, అట్లాంటివాళ్ళు ఎంతమందో. బొడ్డు మెడకి చుట్టుకున్న పిల్లలు, కాళ్ళు ముందు వచ్చిన పిల్లలు, అందరినీ ఈ చేతులతోనే తీశాను. ఆ పని నాకు వచ్చండి. బాగా వచ్చు."

వంటింట్లో నిలబడి అరుస్తున్నాను. గొంతు పట్టలేదు. శ్యామ్ అంత బతిమాలినా రాని "నేను" నోట్లోంచి అలా వచ్చేస్తోంది. బెంజమిన్ ఎంగిలి చేత్తో గుమ్మం పట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి ఇలా అతనూ వినలేదు.

"మరి ఆ రోజు ఇవన్నీ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారావిడ. ఆ గొంతులో జాలి ఉంది. దానితో పాటు కొంచెం ఇబ్బంది కూడా ఉంది, ఎదటి మనిషి తన గురించి తను ఇంతసేపు చెప్పుకుంటుంటే వినాల్సివచ్చిన ఇబ్బంది.

ఏం చెప్పను? "చెప్పకూడదనుకున్నానండి," అన్నాను.

"ఇప్పుడు అయిపోయింది కదమ్మా. ఆ అమ్మాయి చేరిపోయింది కూడా." ఆవిడ గొంతు సవరించుకున్నారు. "నేను అసలు ఫోన్ చేసింది వేరే పని మీద. మా చర్చిలో వచ్చే నెల స్త్రీల కూటం పెట్టుకున్నాం. ఆ రోజు మీ సాక్ష్యం విన్న దగ్గర్నుంచీ నా మనసులో అదే ఉంది. మీరు వచ్చి చెప్పాలి. మా ఆడవాళ్ళు తప్పకుండా వినాలమ్మా అది."

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"వస్తారు కదా? ఆ రోజు చెప్పారు చూడండి, అట్లాగే చెప్పండి," అన్నారావిడ. నొప్పించకుండా, చాలా మెల్లగా అన్నారు. "ఇప్పుడు చెప్పినట్టు కాదమ్మా."

"అలాగేనండి. వస్తాను," అన్నాను.

ఫోన్ పెట్టేశాక బెంజమిన్ ఒక అడుగు ముందుకి వేశాడు. "ఏమన్నారు?"

"రమ్మన్నారు," అన్నాను. అతని మొహం వెలిగిపోయింది. ఎందుకు రమ్మన్నారో చెప్పడానికి నాకు నోరు రాలేదు.